అనుభవం ఉన్న సభ్యులకు మోడరేషన్ అధికారాలు: ఏవి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి?

చుక్కాని

అందరికీ నమస్కారం. ప్రోగ్రామింగ్, డేటాబేస్‌ల మీద ప్రశ్నలూ జవాబులూ నడిచే ఒక సైటు నిర్వహణ బృందంలో ఉన్నాను. మోడరేటర్లం నలుగురం. సభ్యులు ఏటేటా పెరుగుతున్నారు, మా సంఖ్య మాత్రం అలాగే ఉంది. అర్ధరాత్రి పడ్డ స్పామ్ తెల్లవారేదాకా మొదటి పేజీలో వేలాడుతోంది. ఇదివరకే చక్కటి జవాబు వచ్చిన ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటే, దాన్ని పాత ప్రశ్నకు కలిపే తీరిక మాకు దొరకడం లేదు. ఫిర్యాదుల వరుస చూస్తే తల ప్రాణం తోకకు వస్తోంది.

అందుకని ఎక్కువ పాయింట్లున్న సభ్యులకు మూడు అధికారాలు ఇద్దామని ఆలోచన: ఇతరుల ప్రశ్నల్ని సవరించడం, మూసేయడం, తొలగించడం. ఇక్కడే మాకు కుదరడం లేదు. ఏళ్ల తరబడి ఓపికగా జవాబులు రాసినవారిని నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతామని ఒకరి వాదన. అధికారం చేతికొచ్చిన మర్నాటి నుంచే కొత్తవారి మీద పెత్తనం మొదలవుతుందని ఇంకొకరి భయం. ఇద్దరి మాటల్లోనూ నిజం కనిపిస్తోంది. ఇలాంటి సైట్లలో చాలాకాలం పనిచేసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఏ అధికారం, ఎవరికి, ఏ లెక్కన ఇవ్వాలి?

నీలిసిరా

చుక్కాని గారూ, తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకుండా ఏ పెద్ద ప్రశ్నోత్తరాల సైటూ నిలబడలేదు.

ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోను 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రారంభించినప్పటి నుంచీ అక్కడ రోజువారీ శుభ్రత పని సభ్యులదే. మోడరేటర్లు మామూలు దారిలో పరిష్కారం కాని వ్యవహారాలు చూడటానికి ఉన్నారని 2009లోనే ఆట్‌వుడ్ రాశాడు. మిగతాదంతా మెట్లు మెట్లుగా సభ్యులకు వస్తుంది. 15 పాయింట్లకు మెచ్చుకోలు ఓటు, ఫిర్యాదు చేసే వీలు. 50కి ఎవరి పోస్టు కిందనైనా వ్యాఖ్య. 125కి వ్యతిరేక ఓటు. 2,000 దాటితే ఎవరి అనుమతీ లేకుండా ఇతరుల పోస్టులు సవరించవచ్చు. 3,000కి మూసివేత ఓటు, 10,000కి తొలగించిన పోస్టులు చూసే వీలు, తొలగింపు ఓటు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 3,000 పాయింట్లు వచ్చిన మనిషికి అక్కడ ప్రశ్నను మూసే అధికారం రాదు. మూయాలని ఒక ఓటు వేసే హక్కు వస్తుంది. మొదట్లో అలాంటి ఓట్లు ఐదు పడితేనే ప్రశ్న మూతపడేది. 2019లో స్టాక్ ఓవర్‌ఫ్లో దాన్ని మూడుకు తగ్గించింది. మళ్లీ తెరవడానికీ అదే లెక్క. మామూలుగా ఒంటిచేత్తో మూయగలిగేది ఎన్నికల్లో గెలిచిన మోడరేటర్లు. అధికారం ఇస్తూనే దాన్ని పంచిపెట్టడమంటే అదీ. మీరు ముగ్గురు కలిస్తేనే పని జరిగేలా పెట్టండి, సగం భయాలు తీరిపోతాయి.

తర్కం

నీలిసిరా గారు చెప్పిన మెట్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ మెట్లు ఎక్కించే పాయింట్లు దేన్ని కొలుస్తున్నాయో చూడండి.

ఒక జవాబుకు ఒక ఓటు పడితే పది పాయింట్లు. అందరికీ రోజూ అవసరమయ్యే చిన్న ప్రశ్నకు, తేదీని ఫలానా రూపంలోకి మార్చడం ఎలా అన్నలాంటి దానికి, సైటు పుట్టిన కొత్తలో మూడు వాక్యాల జవాబు రాసిన సభ్యుణ్ణి ఊహించుకోండి. అటువైపు రాకపోయినా ఏళ్ల తరబడి ఆ జవాబుకు ఓట్లు పడుతూనే ఉంటాయి. పది వేలు దాటిపోతాడు. సైటు నియమాలు ఇప్పుడెలా ఉన్నాయో అతనికి తెలియదు, ఒక్క ఫిర్యాదు పరిశీలించి ఎరగడు. అయినా తొలగింపు ఓటు చేతిలో ఉంటుంది. ఇంకోవైపు, అరుదైన విషయంలో గంటలు వెచ్చించి జవాబు రాసి, రోజూ పదిమంది ప్రశ్నల్ని చక్కదిద్దే సభ్యుడు ఆరేడు వందల దగ్గరే ఆగిపోతాడు.

యాహూ ఆన్సర్స్‌లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించేది. అక్కడ ఏ జవాబు రాసినా రెండు పాయింట్లు, ఉత్తమ జవాబైతే పది. ఏదో ఒకటి రాసుకుంటూ పోయినవారికి మెట్టు పెరిగేది. 2005లో మొదలైన ఆ సైటు 2021 మేలో మూతపడింది. మూతపడటానికి పాయింట్లే కారణమని నేననను. కానీ రాసిన సంఖ్యకు, తీర్పు చెప్పే నేర్పుకు సంబంధం లేదని అక్కడ తిరిగిన ఎవరికైనా అర్థమయ్యేది.

కాబట్టి నా సూచన ఇది. మోడరేషన్ అధికారానికి లెక్క మోడరేషన్ పనిలోంచే రావాలి. ఆ సభ్యుడు చేసిన ఫిర్యాదుల్లో ఎన్నింటిని మీరు సరైనవని ఒప్పుకున్నారు? సూచించిన సవరణల్లో ఎన్ని ఆమోదం పొందాయి? ఆ వివరాలు మీ డేటాబేస్‌లో ఇప్పటికే ఉండి ఉంటాయి.

పొద్దుతిరుగుడు

తర్కం గారి మాటకు నా మద్దతు. ఒక్క చేర్పు. ఒప్పుకున్న ఫిర్యాదుల శాతం ఒక్కటే చూస్తే, సులువైన స్పామ్ మీద ఫిర్యాదులు చేసి శాతం పెంచుకోవచ్చు. తేల్చడం కష్టమైన వాటిలో ఆ మనిషి ఎటు మొగ్గాడో కూడా చూడండి.

కొత్తపేజీ

నేను ఎక్కువగా ప్రశ్నలు అడిగేవైపు ఉండే సభ్యుణ్ణి. అవతలి ఒడ్డు ఎలా ఉంటుందో చెబుతాను. సైటు పేరు చెప్పను, అవసరం లేదు.

పన్ను లెక్క విషయంలో ఒక ప్రశ్న అడిగాను. డేటాబేస్‌లో ప్రతి వరుసకూ పన్ను లెక్కగట్టి రెండు దశాంశ స్థానాలకు సరిచేసి, ఆ పన్నులన్నీ కూడితే ఒక మొత్తం వస్తోంది. ప్రోగ్రాములో ముందు ధరలన్నీ కూడి, మొత్తానికి ఒకేసారి పన్ను లెక్కగడితే ఇంకో మొత్తం వస్తోంది. ఎందుకని? ప్రశ్నలోనే రాశాను, రెండుచోట్లా దశాంశ రకమే వాడుతున్నాను, దశాంశాల్ని ఉజ్జాయింపుగా నిల్వచేసే ఫ్లోట్ రకం వాడటం లేదని.

కాసేపట్లో ప్రశ్న మూసేశారు. కారణం: 0.1కి 0.2 కలిపితే 0.3 ఎందుకు రాదన్న ప్రసిద్ధమైన ప్రశ్నకు ఇది నకలు. మూసింది ఒక్కరే, ఆ విషయంలో పెద్ద బ్యాడ్జ్ ఉన్న నిపుణుడు.

ఆ పాత ప్రశ్న ద్విసంఖ్యామానంలో 0.1ని కచ్చితంగా నిల్వ చేయలేకపోవడం గురించి. నా సమస్యకూ దానికీ సంబంధం లేదు. ధర 1.15, పన్ను పది శాతం అనుకోండి. ఒక వరుసకు పన్ను 0.115, సరిచేస్తే 0.12. అలాంటి మూడు వరుసలు కూడితే 0.36. అదే మూడు ధరలూ ముందు కూడితే 3.45, దాని మీద పన్ను 0.345, సరిచేస్తే 0.35. దశాంశాలు ఎంత కచ్చితంగా నిల్వ ఉన్నా ఈ తేడా వచ్చి తీరుతుంది, ఎందుకంటే తేడా వస్తున్నది ఎక్కడ సరిచేస్తున్నాం అన్న దగ్గర. ఈ సంగతి ఎవరైనా రెండు వాక్యాల్లో చెప్పి ఉండేవారు. మూసిన ప్రశ్నకు జవాబు రాసే వీలు లేదు. ప్రశ్నను ఇంకా వివరంగా సవరించాను, వ్యాఖ్య పెట్టాను. తెరవడానికి ఎవరూ రాలేదు. చివరికి కాగితం మీద లెక్క వేసుకుని నేనే పట్టుకున్నాను.

ఆ నిపుణుడికి విషయం తెలియదని నేననడం లేదు. నాకన్నా వందరెట్లు తెలుసు. చివరి అంకెలో తేడా అన్న మాట కనబడగానే వేలసార్లు చూసిన ప్రశ్న గుర్తొచ్చింది. చదవడం అక్కడే ఆపేసి ఉంటాడు.

నీలిసిరా

కొత్తపేజీ గారూ, మీకు జరిగింది అన్యాయమే. ఇలాంటి ఏర్పాటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2014లో వచ్చింది. ఒక ట్యాగులో, అంటే ప్రశ్నకు తగిలించే విషయం పేరులో, బంగారు బ్యాడ్జ్ ఉన్న సభ్యుడు ఆ ట్యాగు ప్రశ్నను నకలుగా ఒక్క ఓటుతో మూయగలడు. ఆ బ్యాడ్జ్‌కు ట్యాగులో కనీసం 200 జవాబులు, వాటన్నిటి మీదా కలిపి వెయ్యి ఓట్ల స్కోరు కావాలి. అంటే తేరగా వచ్చేది కాదు.

అయితే అదే సభ్యుడు ఒక్క ఓటుతో మళ్లీ తెరవనూ గలడు. అదే ట్యాగులో బ్యాడ్జ్ ఉన్న ఇంకొకరు కూడా తెరవగలరు. ఎంత వేగంగా మూయగలడో అంతే వేగంగా తెరిచే దారి పెట్టారు. మీకు తగిలిన సైటులో ఆ రెండో సగం లేనట్టుంది, లేదా ఉన్నా ఎవరూ వాడలేదు.

జవాబులు రాసేవారి వైపు నుంచీ ఒక మాట వినండి. ఒకే ప్రశ్న యాభై చోట్ల యాభై అరకొర జవాబులతో పడి ఉంటే, రేపు వెతుక్కుంటూ వచ్చే పాఠకుడికి ఏది సరైనదో తెలియదు. ఒకచోట పేర్చిన మంచి జవాబు దగ్గరికి చేర్చడం అడిగినవారిని అవమానించడం ఎంతమాత్రం కాదు. ఆ పని ఆగిపోయిన సైటులో బాగా రాసేవారు ముందుగా వెళ్లిపోతారు. నేనలా వెళ్లిపోయిన మంచి రచయితల్ని చూశాను, వారి జవాబులు ఇప్పటికీ వెతికి చదువుతుంటాను.

మూడోకన్ను

అందరూ మూసివేత గురించే మాట్లాడుతున్నారు. నేను చాలాకాలంగా సవరణలు పరిశీలించే పనిలో ఉన్నాను. చుక్కాని గారూ, మీ మూడింటిలో అందరూ తేలిగ్గా తీసుకునేది సవరణే. నన్నడిగితే ఎక్కువ కనిపెట్టి ఉండాల్సింది దాన్నే.

ఒక కొత్త సభ్యుడు తన కోడ్ పెట్టి, చివర్లో ప్రోగ్రాము కుప్పకూలుతోందని అడిగాడు. లూప్ షరతులో "తక్కువ" ఉండాల్సిన చోట "తక్కువ లేదా సమానం" గుర్తు పెట్టాడు. అందువల్ల అర్రే (విలువల వరుస) చివరి గడి దాటి ఇంకో అడుగు వేస్తోంది. అతని తప్పు మొత్తం ఆ ఒక్క గుర్తులో ఉంది. మంచి పాయింట్లున్న సభ్యుడొకరు వచ్చి కోడ్‌ను అందంగా వరుసల్లో పేర్చి, భాష సరిదిద్ది, పనిలో పనిగా ఆ గుర్తును కూడా మార్చేశాడు. సవరణ కారణం దగ్గర "ఫార్మాటింగ్" అని రాశాడు. ఇప్పుడు ప్రశ్నలో ఉన్న కోడ్ నిక్షేపంగా పనిచేస్తుంది. సరిగ్గా జవాబిచ్చినవారి జవాబు తప్పులా కనబడుతోంది, వ్యతిరేక ఓట్లు కూడా పడ్డాయి. అడిగినవారికి తన కోడ్ మారిందన్న సంగతే తెలియదు.

మూసివేత అందరికీ కనిపిస్తుంది, గొడవవుతుంది, ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు. సవరణ చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. అందుకని మీ దగ్గర రెండు నియమాలు పెట్టండి. ప్రశ్నలోని కోడ్‌లో అక్షరం కూడా మారకూడదు, ఖాళీలూ వరుసలూ తప్ప. సవరణ జరిగిన ప్రతిసారీ అడిగినవారికి కబురు వెళ్లాలి, పాత రూపానికి తిప్పే బటన్ అక్కడే ఉండాలి.

ఇంకొక అనుభవం. పరిశీలన పనికి పాయింట్లు, బ్యాడ్జ్‌లు పెడితే చదవకుండానే "ఆమోదించు" నొక్కుకుంటూ పోయేవారు తయారవుతారు. స్టాక్ ఓవర్‌ఫ్లో దీనికి విరుగుడుగా వరుస మధ్యలో పరీక్ష పోస్టులు దూరుస్తుంది. ఫలితం ముందే తెలిసిన పోస్టు అది. దాన్ని తప్పుగా తేల్చినవారికి వెంటనే హెచ్చరిక వస్తుంది, పదే పదే తప్పితే పరిశీలన హక్కు కొన్నాళ్లు ఆగిపోతుంది. మీరూ పెట్టుకోండి, చిన్న సైటుకైనా పనికొస్తుంది.

వడగళ్లు

అందరూ ఓట్లు, మెట్లు లెక్కపెడుతున్నారు. అసలు ఈ పని ఎవరు ఎవరికోసం చేస్తున్నారో కూడా మాట్లాడాలి.

జీతం లేకుండా ఏళ్ల తరబడి చెత్త ఎత్తేవారికి అధికారం అన్న పేరుతో ఇంకాస్త పని ఇస్తున్నాం. ఇవ్వండి, కాదనను. కానీ వారి మాటకు ఎంత విలువ ఉంటుందో ముందే రాసి ఇవ్వండి. 2022 డిసెంబరులో చాట్‌జీపీటీతో రాయించిన జవాబులు స్టాక్ ఓవర్‌ఫ్లోలోకి వెల్లువలా వచ్చాయి. చూడటానికి నున్నగా ఉంటాయి, లోపల తప్పులు. అక్కడి మోడరేటర్లు వాటిని నిషేధించారు. 2023 మే చివర్లో కంపెనీ ఒక కొత్త విధానం తెచ్చి, యంత్రం రాసిందన్న అనుమానంతో పోస్టులు తొలగించకుండా, సభ్యుల్ని ఆపకుండా మోడరేటర్ల చేతులు కట్టేసింది. జూన్‌లో మోడరేటర్లు, పెద్ద సభ్యులు చాలామంది సమ్మెకు దిగారు. ఆగస్టులో చర్చల తర్వాత గానీ అది ముగియలేదు.

ఏళ్లకేళ్లు సైటు మోసినవారి తీర్పును ఒక్క ప్రకటనతో పక్కన పెట్టవచ్చని అప్పుడు తేలింది. చుక్కాని గారూ, మీ సైటు యజమాని ఎవరు? సభ్యులు కలిసి తేల్చిన నిర్ణయాన్ని మీరు నలుగురూ ఎప్పుడు తోసిపుచ్చగలరు, తోసిపుచ్చితే ఎవరికి వివరణ ఇస్తారు? అధికారాలు పంచే ముందు ఇది ఒక పేజీ మీద రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

చుక్కాని

వడగళ్లు గారూ, మా సైటు వెనక కంపెనీ లేదు, సర్వరు ఖర్చు సభ్యుల విరాళాలతో నడుస్తోంది. అయినా మీరన్న పేజీ అవసరమే. రాస్తాం.

నీలిసిరా గారికి ఒక ప్రశ్న. మూడు ఓట్లు కలిస్తేనే మూతపడాలన్న నియమం పెద్ద సైటుకు సరిపోతుంది. మా దగ్గర ఒక్కో ట్యాగులో చురుగ్గా ఉండేవారు ఇద్దరో ముగ్గురో. మూడు ఓట్లు పడేసరికి వారం గడుస్తుంది, ఈలోగా అరకొర జవాబులు చేరిపోతాయి. మళ్లీ భారం మా నలుగురి మీదే పడుతుంది. దీనికి దారి ఏమిటి?

అక్షరమాల

ఇక్కడ నేను కలగజేసుకుంటాను. చిన్న సైట్లకు స్టాక్ ఓవర్‌ఫ్లో లెక్కలు యథాతథంగా అతకవు. వేరే చోట్ల ఎలా చేశారో చూడండి.

సాంకేతిక వార్తల మీద చర్చలు నడిచే స్లాష్‌డాట్ సైటులో మోడరేషన్ వంతుల వారీగా వచ్చేది. మామూలు సభ్యుడికి ఉన్నట్టుండి, ఇతరుల వ్యాఖ్యల స్కోరు పెంచడానికో తగ్గించడానికో, ఐదు పాయింట్లు ఇచ్చేవారు, మూడు రోజుల్లో వాడకపోతే పోయేవి. తాను పాల్గొన్న చర్చలో వాటిని వాడటానికి వీల్లేదు. ఆ తీర్పులు సరిగ్గా ఉన్నాయా అని ఇంకో సభ్యుల గుంపు చూసేది. అంటే తీర్పు చెప్పినవారి మీద కూడా తీర్పు ఉండేది. ఎవరికీ అది శాశ్వత హోదా కాలేదు.

ఇదే ఆట్‌వుడ్ తర్వాత ఇంకొందరితో కలిసి 2013లో డిస్కోర్స్ అనే చర్చావేదిక సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. దాంట్లో నమ్మకపు మెట్లు సున్నా నుంచి నాలుగు దాకా. మూడో మెట్టు నిలబెట్టుకోవాలంటే, మామూలు అమరికలో, గత వంద రోజుల్లో కనీసం సగం రోజులు సైటుకు రావాలి, చదవాలి, ఇంకా కొన్ని షరతులున్నాయి. రావడం మానేస్తే మెట్టు దానంతట అదే దిగిపోతుంది. ఎవరూ ఎవరినీ తీసేయనక్కర్లేదు, మొహమాటం లేదు. నాలుగో మెట్టు మాత్రం నిర్వాహకులు చేత్తో ఇస్తారు. మీ స్పామ్ బాధకు కూడా అక్కడ చక్కటి ఏర్పాటు ఉంది. మూడో మెట్టు సభ్యుడు బొత్తిగా కొత్త ఖాతా పెట్టిన పోస్టును స్పామ్ అని ఫిర్యాదు చేస్తే అది వెంటనే దాగిపోతుంది, మోడరేటర్లు తీరిక దొరికినప్పుడు చూసి ఖాయం చేస్తారు.

ఇంగ్లిష్ వికీపీడియాలో నిర్వాహకుల్ని సముదాయం చర్చించి ఎన్నుకుంటుంది. ఏడాదిపాటు ఏ పనీ చేయకపోతే ఆ హక్కులు తీసేస్తారు.

వీటన్నిటిలో నాకు నచ్చింది ఒకటే. పాత సేవకు బహుమతిగా అధికారం ఇవ్వడం మానేసి, ఇప్పుడు చేస్తున్న పనికి పనిముట్టుగా ఇవ్వడం. తర్కం గారు చెప్పిన పాత జవాబు సభ్యుడి సమస్య దీంతో తీరుతుంది. బహుమతులు ఇవ్వాలనుకుంటే పాయింట్లు, బ్యాడ్జ్‌లు ఉండనే ఉన్నాయి.

తర్కం

అక్షరమాల గారికి ధన్యవాదాలు. చుక్కాని గారి ఓట్ల సమస్యకు నాకు తోచింది చెబుతాను.

అర్హత ఉన్న సభ్యుడు ఒక్కడే ప్రశ్నను ఆపగలగాలి, కానీ తాత్కాలికంగా. రెండు రోజుల్లో అర్హత ఉన్న ఇంకొకరు వచ్చి సరేనంటే మూసివేత ఖాయం. ఎవరూ రాకపోతే ప్రశ్న దానంతట అదే తెరుచుకోవాలి. ఒకసారి అలా తెరుచుకున్న ప్రశ్నను మొదట ఆపినవారు మళ్లీ ఆపకూడదు.

చెడ్డ జవాబులు పోగుపడకముందే ప్రశ్న ఆగుతుంది కాబట్టి మీకు వేగం దొరుకుతుంది. తప్పుగా ఆపితే దిద్దే పని కొత్త సభ్యుడి నెత్తిన పడదు. ఇప్పుడున్న పద్ధతుల్లో నాకు నచ్చనిది అదే. మూసినవారు ఒక్క నొక్కుతో వెళ్లిపోతారు, తెరిపించుకోవాల్సినవారు ఊరంతా తిరగాలి. ఆ బరువును మూసేవైపుకు మార్చండి.

వడగళ్లు

ఇది బాగుంది. నా మద్దతు.

నీలిసిరా

నాకు అనుమానం ఉంది. దానంతట అదే తెరుచుకోవడం అంటే, ఎవరూ పట్టించుకోని పనికిమాలిన ప్రశ్నలు కూడా తెరుచుకుంటాయి. "నా కోడ్ పనిచేయడం లేదు, సాయం చేయండి" అని కోడ్ కూడా పెట్టకుండా వదిలేసినవి మీ దగ్గర రోజుకెన్ని వస్తాయో చూడండి. వాటన్నిటికీ రెండో మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తారు?

తర్కం

న్యాయమైన మాటే. దానికి వేరే తలుపు పెడదాం. వివరాలు చాలవన్న కారణంతో ఆపిన ప్రశ్న, అడిగినవారు ఏదో ఒకటి చేర్చేదాకా ఆగే ఉంటుంది. చేర్చగానే మళ్లీ వరుసలోకి వస్తుంది. గడువు పెట్టాల్సింది నకలు, విషయానికి బయటిది అన్న కారణాలకు. వాటిలోనే మూసేవారి అభిప్రాయం పాలు ఎక్కువ.

కొత్తపేజీ

నాదొక చిన్న కోరిక. నకలు అని మూసేటప్పుడు మూసినవారు ఒక వాక్యం రాయాలి. ఆ పాత జవాబులో ఏ భాగం నా ప్రశ్నకు వర్తిస్తుందో చెప్పే వాక్యం. నా పన్ను లెక్క ప్రశ్నకు ఆ వాక్యం రాయడానికి కూర్చుంటే, ఆ నిపుణుడికి రాయడానికి ఏమీ దొరికేది కాదు. అక్కడే తెలిసిపోయేది.

సరైన మూసివేతల్లో కూడా ఇది మేలు చేస్తుంది. కొత్తవారికి పాత ప్రశ్నలోని పదిహేను జవాబులు చూపించి వెళ్లిపోతే ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాదు. "మూడో జవాబులో రెండో పద్ధతి చూడండి, మీ దగ్గర ఖాళీ విలువలు ఉన్నాయి కాబట్టి అదే కుదురుతుంది" అని ఉంటే, మూతపడ్డ ప్రశ్నే జవాబు అవుతుంది. మూసేశారన్న బాధ కూడా మిగలదు.

మూడోకన్ను

నేను సాధారణంగా తప్పనిసరి వివరణలకు వ్యతిరేకం. వ్యతిరేక ఓటుకు కారణం రాయాలని నియమం పెడితే కారణం రాసినవారి మీద పడి తిట్టడం చాలాసార్లు చూశాను. దాంతో నిజాయతీగా ఓటు వేసేవారు మానుకుంటారు. కానీ కొత్తపేజీ గారు అడుగుతున్నది ఓటుకు కారణం కాదు, దారి చూపించమని. దానికి నేను ఒప్పుకుంటాను. వాక్యం ప్రశ్న పైనున్న ప్రకటనలో భాగంగా ఉండాలి, కింద వ్యాఖ్యల్లో ఉంటే వాదన మొదలవుతుంది. మూసినవారి పేరు లాగ్‌లో, అంటే జరిగిన పనుల చిట్టాలో, అందరికీ కనబడాలి. పేరు దాచిన అధికారాన్ని నేను ఎక్కడా సమర్థించను.

పొద్దుతిరుగుడు

తొలగింపు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇప్పుడే ఇవ్వకండి.

మూసిన ప్రశ్న కళ్లెదుట ఉంటుంది, తప్పని ఎవరైనా అనగలరు. తొలగించింది మామూలు సభ్యుల కళ్లకు కనబడనే కనబడదు. కనబడనిదాని మీద అభ్యంతరం ఎవరు చెబుతారు? స్టాక్ ఓవర్‌ఫ్లోలో కూడా పది వేల పాయింట్ల సభ్యులు మూసిన ప్రశ్న మీద తొలగింపు ఓటు వేయాలంటే మూసి రెండు రోజులు గడవాలి, సాధారణంగా మూడు ఓట్లు కావాలి. స్పామ్‌కు మాత్రం దారి వేరు. తగినన్ని స్పామ్ ఫిర్యాదులు చేరితే మోడరేటర్ రాకముందే పోస్టు పోతుంది, పెట్టిన ఖాతాకు వంద పాయింట్లు తగ్గుతాయి. మీ రాత్రిపూట బాధకు అంతవరకు చాలు. అక్షరమాల గారు చెప్పిన దాచే పద్ధతి అయితే ఇంకా మంచిది, పొరపాటైతే బయటికి తీయవచ్చు.

నీలిసిరా

తొలగింపు విషయంలో నేనూ ఒప్పుకుంటున్నాను. కానీ ఎన్నటికీ ఇవ్వకూడదనుకోకండి. వృథా ప్రశ్నలు పేరుకుపోతే వెతుకులాటలో అవే ముందు తగులుతాయి. ఏడాది తర్వాత మళ్లీ చర్చించండి.

మూసేటప్పుడు వాక్యం రాయాలన్న కోరికకు మొదట నా మనసు ఒప్పుకోలేదు, పని రెట్టింపవుతుందని. రాత్రి కొన్ని పాత మూసివేతలు తీసి వాక్యం రాయడానికి ప్రయత్నించాను. సరైన వాటికి అరనిమిషం పట్టింది. ఎక్కువసేపు పట్టినవన్నీ అనుమానించాల్సినవే. కాబట్టి పెట్టండి.

చుక్కాని

అందరికీ ధన్యవాదాలు. మిగతా ముగ్గురితో కూర్చుని ఈ చర్చ మొత్తం చదివాం. ప్రస్తుతానికి తేల్చింది రాస్తున్నాను, లోపాలుంటే చెప్పండి.

అధికారాలకు పాయింట్లు ఒక కనీస అర్హత మాత్రమే. అసలు లెక్క గత ఆరు నెలల్లో ఒప్పుకున్న ఫిర్యాదులు, నిలబడిన సవరణలు. తేల్చడం కష్టమైన ఫిర్యాదులు కొన్ని మేం చేత్తో చూస్తాం. మూడు నెలలు ఏ పనీ చేయకపోతే హక్కు దానంతట అదే ఆగుతుంది, తిరిగి పని మొదలుపెడితే తిరిగి వస్తుంది.

స్పామ్ మీద అర్హత ఉన్న ఒక్కరి ఫిర్యాదుతో కొత్త ఖాతా పోస్టు దాగుతుంది. నకలు, విషయానికి బయటిది అన్న కారణాలతో ఒక్కరు ఆపవచ్చు, రెండు రోజుల్లో రెండో మనిషి ఖాయం చేయాలి, లేకపోతే తెరుచుకుంటుంది. నకలుకు వాక్యం తప్పనిసరి. తాను జవాబు రాసిన ప్రశ్నకు నకలని ఇంకొకటి మూసేటప్పుడు రెండో ఓటు కచ్చితంగా ఆ పాత ప్రశ్నకు జవాబు రాయనివారిదై ఉండాలని మాలో ఒకరు చేర్చారు, తన జవాబు వైపు జనాన్ని మళ్లించే ఆశ ఎవరికైనా ఉంటుందని. సవరణలో కోడ్ ముట్టుకోకూడదు, సవరించగానే అడిగినవారికి కబురు. తొలగింపు మా దగ్గరే ఉంటుంది.

ఒకటి తేలలేదు. ఆపిన ప్రశ్నను ఖాయం చేసే రెండో మనిషి మొదటివారి స్నేహితుడే అయితే? చిన్న సైటు, ఒక ట్యాగులో ఉండే ముగ్గురూ ఒకరికొకరు బాగా తెలిసినవారే.

మూడోకన్ను

పూర్తిగా ఆపలేరు. ఒక పని చేయండి. ఖాయం చేసే రెండో మనిషికి మొదట ఆపినవారి పేరు చూపించకండి, రాసిన వాక్యం మాత్రం చూపించండి. ఖాయం చేశాక రెండు పేర్లూ లాగ్‌లోకి వెళ్తాయి. ఎవరి మూసివేతల్ని ఎవరు ఎన్నిసార్లు ఖాయం చేశారో నెలకోసారి పట్టిక తీస్తే జంటలు వాటంతటవే బయటపడతాయి. పరాయి ట్యాగువారిని కూడా నకలు కాని కారణాలకు రెండో మనిషిగా అనుమతించండి, విషయానికి బయటిదో కాదో చెప్పడానికి ఆ ట్యాగులో నిపుణుడు కానక్కర్లేదు.

కొత్తపేజీ

ఆ పట్టికలో తిరిగి తెరుచుకున్న ప్రశ్నల జాబితా కూడా చేర్చండి, ఏ వాక్యంతో ఆపారో దాంతో సహా. అందరికీ కనిపించే పేజీలో పెడితే, అధికారాలు లేని మాలాంటివారం కూడా చదివి ఎక్కడ లెక్క తప్పుతోందో చెప్పగలం. మొదటి రెండు నెలల జాబితాలు చదివి అభిప్రాయం రాసే బాధ్యత నేను తీసుకుంటాను. ఎవరైనా తోడు వస్తే ట్యాగులు పంచుకుందాం. నాకు డేటాబేస్‌ల ట్యాగు ఇవ్వండి.

వడగళ్లు

నేను వస్తాను. నెట్‌వర్క్ ట్యాగులు నాకు వదిలేయండి. చుక్కాని గారూ, ఆ నియమాల పేజీ మొదటి ప్రతి ఇక్కడే పెట్టండి, అధికారాలు అమల్లోకి రాకముందే చదివి చెబుతాం.